ముప్ఫై ఏడో ఇల్లు

కొల్లి ప్రసూనకి డిగ్రీ చేతికి రావడానికి ఒక్క సంతకం తక్కువైంది.

మిగతావన్నీ ఉన్నాయి. స్టాటిస్టిక్స్‌లో మూడేళ్ళూ యూనివర్సిటీ మొత్తానికి మొదటి మార్కులు ఆమెవే. కలకత్తాలో పై చదువుకి సీటొచ్చింది. జూలై పదిహేనులోగా అన్ని పేపర్లూ పాసయినట్టు కాగితం పంపాలి. పంపకపోతే ఆ సీటు వరసలో వెనకున్నవాళ్ళకి పోతుంది. ఇంతకీ ఆ కాగితానికి అడ్డం పడ్డది లెక్కల పేపరైనా కాదు, జనరల్ స్టడీస్. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవడానికే ప్రసూనకి నామోషీగా ఉంది.

ఆ యూనివర్సిటీలో ఏ బ్రాంచి పిల్లలైనా సరే, జనరల్ స్టడీస్ చదివి తీరాలి. చదివితే సరిపోదు, వేసవిలో ఇరవై ఒక్క రోజులు ఫీల్డ్‌వర్కు కూడా చెయ్యాలి. ఉప్పు మడులు, చేపల రేవు, పెద్దాసుపత్రి, నేత వీధి అంటూ నోటీసు బోర్డు మీద జాబితా అంటిస్తారు. పిల్లలు మామూలుగా ఇంటికి దగ్గరగా ఉన్నదీ, నెత్తిమీద ఫ్యాను తిరిగేదీ చూసుకుని పేరు రాయించుకుంటారు. ప్రసూన మాత్రం పడమటిపేట నేత వీధి ఎంచుకుంది. నూటనలభై ఇళ్ళు ఒకే వీధిలో వరసగా ఉన్నాయి. లెక్కకి వీలుగా ఉంటుందనుకుంది.

ఆ కోర్సు చెప్పేది షేక్ మస్తాన్‌వలీ మాస్టారు. సన్నటి మనిషి, మాట తక్కువ. రిపోర్టు చేతికిస్తే అట్ట నుంచి అట్ట దాకా చదువుతారని, పిన్ను కొట్టిన చోటు కూడా వదలరని పిల్లలు వేళాకోళం చేస్తుంటారు. వేళాకోళమే గాని అందులో అబద్ధం లేదు.

జూలై నాలుగున ప్రసూన ఆయన గదిలోకి వెళ్ళేసరికి బల్ల మీద ఆమె రిపోర్టు తెరిచి ఉంది. నూటపన్నెండు పేజీలు, రంగురంగుల గ్రాఫులు. దూరం నుంచి చూస్తే ఆమెకే ముద్దొచ్చింది.

"రామ్మా, కూచో," అన్నారు మాస్టారు. "బాగా కష్టపడ్డావు."

"థాంక్యూ సార్."

ఆయన ఒక పెన్సిలు తీసి పట్టికలో ఒక వరస కింద అడ్డంగా పెట్టారు. ముప్ఫై ఏడో ఇల్లు, వీరాస్వామి.

ప్రసూన ఆ వీధి మొత్తం రెండుసార్లు తిరిగింది. మొదటిసారి ప్రతి ఇంట్లో నలభై ప్రశ్నలు అడిగింది. రెండోసారి వెళ్ళి, తను మొదట వచ్చి వెళ్ళాక వారం రోజుల్లో ఆ ఇంటి మగ్గం ఎన్నాళ్ళు ఆగిందో రాసుకుంది. చాలా ఇళ్ళలో ఒక రోజు, కొన్నింట్లో రెండు. ముప్ఫై ఏడో ఇంట్లో మాత్రం ఆరు రోజులు. కారణం అన్న గడిలో 'ఇతరములు' అని ఉంది.

"ఏమిటమ్మా ఈ ఇతరములు?"

"అడిగాను సార్. 'ఏదోలెండి మేడం' అన్నాడాయన. నూటనలభైలో ఒక్క ఇల్లు సార్. తీసేసినా సగటు పెద్దగా కదలదు."

మాస్టారు రెండో పెన్సిలు తీశారు. పేజీలు వెనక్కి తిప్పి, మొదటిసారి రాసుకున్న కాగితాల్లో అదే ఇంటి దగ్గర పెట్టారు. మార్జిన్లో ప్రసూన చేతిరాత ఉంది. 'జవాబులు చెప్పే వ్యక్తికి శ్రద్ధ తక్కువ. మాటిమాటికీ వీధిలోకి చూస్తున్నాడు.'

"వీధిలో ఏముంది?" అన్నారు మాస్టారు.

ప్రసూన నలభై గళ్ళూ చూసింది, వీధి సంగతి ఏ గడిలోనూ లేదు. ఆయన రెండు పెన్సిళ్ళూ అలాగే ఉంచి, రిపోర్టు మూసి ఆమె వైపు జరిపారు.

బయటికొచ్చాక ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఫ్యాను కింద కూచుని నలభై పేజీలు రాసినవాడికి సంతకమైంది. తనేమో ఎండలో చెప్పులరిగేలా తిరిగింది. అంతా చేసి ఒక్క గడి దగ్గర ఇరుక్కుంది.

సాయంత్రం వీరాస్వామికి ఫోన్ చేసింది. ఆరు రోజులు మగ్గం ఎందుకాగిందని మళ్ళీ అడిగింది.

"అయ్యో మేడంగారూ, ఒంట్లో నలతగా ఉందని రాసుకోండి," అన్నాడు వీరాస్వామి కంగారుగా. "మా పేరు మాత్రం లిస్టులో ఉంచండి."

ప్రసూన 'ఇతరములు' కొట్టేసి 'అనారోగ్యం' అని రాసుకుంది. ఏడో తారీకున మళ్ళీ మాస్టారి గదికెళ్ళింది. పెన్సిళ్ళు కూడా తిరిగిచ్చేసింది.

"ఎవరికమ్మా అనారోగ్యం?"

"ఆయనకే అయ్యుంటుంది సార్."

"అయ్యుంటుంది," అని ఆ మాటనే మాస్టారు ఒకసారి నెమ్మదిగా అనుకున్నారు. "ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే చెప్పు."

ప్రసూనలో ఒక మంచి గుణముంది. విన్నది విన్నట్టు చెబుతుంది, తనకి ఇబ్బందైనా సరే. లిస్టు మాట కూడా చెప్పింది.

"ఏ లిస్టు?"

"నాకు తెలీదు సార్. నన్ను ఆఫీసరు అనుకున్నట్టున్నారు. వీధిలో అందరూ అలాగే అనుకున్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు సార్."

ఆ మాట అంటుంటే ఆమె గొంతు కాస్త తగ్గింది. నిజానికి ఆఫీసరుగారూ అని పిలుస్తుంటే ఆమెకి బాగానే ఉంది. అలా అనుకుంటే జనం చకచకా జవాబులు చెబుతున్నారు, రోజుకి పది ఇళ్ళు పూర్తవుతున్నాయి. కాదని చెప్పడానికి మనసొప్పలేదు.

మాస్టారు చెయ్యి చాచారు. రిపోర్టు కోసమేమో అనుకుని ఆమె ముందుకి జరిపింది. ఆయన తల అడ్డంగా ఊపి ఆమె మెడవైపు చూపించారు. నీలం రిబ్బనుకి యూనివర్సిటీ ముద్ర ఉన్న ఐడీ కార్డు. ప్రసూన తీసిచ్చింది. ఆయన రిబ్బను చుట్టచుట్టి సొరుగులో వేసి మూశారు.

"పొద్దున ఆరింటికి ఆ వీధిలో ఉండు. కాగితం, పెన్నూ వద్దు."

"సార్, పదిహేనో తారీకుకి నాకు..."

"తెలుసమ్మా."

అందులో కోపం లేదు, జాలీ లేదు. కోపం ఉంటే ఎదురు చెప్పేది, జాలి ఉంటే బతిమాలేది. రెండూ లేకపోయేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. అయితే ప్రసూన మొండిది. చిన్నప్పుడు లెక్క తేలకపోతే కంచం ముందు కూడా పలక వదిలేది కాదట. ఆ గడి సంగతి తేల్చకుండా వదిలేది లేదనుకుని, ఎనిమిదో తారీకున పొద్దున మొదటి బస్సెక్కింది.

పడమటిపేటలో దిగేసరికి ఇంకా ఎండ రాలేదు. నేత వీధిలో జనం అప్పటికే పనిలో ఉన్నారు. ఒక్కరూ ఆమెని పలకరించలేదు. పోయినసారి ఇదే వీధిలో రండి మేడం, కూచోండి మేడం అంటూ ఇంటింటా కుర్చీ వేశారు. మెళ్ళో బిళ్ళ లేకపోయేసరికి మనిషినే కాకుండా పోయానా అనుకుంది. నిజంగానే చిన్నతనమనిపించింది.

ముప్ఫై ఏడో ఇంటి ముందు వీధి పొడుగునా పడుగు పరిచి ఉంది. పడుగంటే చీరకి నిలువునా ఉండే పోగులు. వందలకి వందల పోగుల్ని కర్రల మీద నడుమెత్తున బిగించి, గంజి పట్టించారు. దాని మీద బారెడు కుంచె అడ్డంగా వేసి, ఇటు వీరాస్వామి, అటు ఆయన భార్య మాణిక్యమ్మ పట్టుకుని, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దువ్వుకుంటూ నడుస్తున్నారు. ఆ చివరకి చేరగానే మళ్ళీ వెనక్కి. ఎక్కడో పోగు తెగింది. మాణిక్యమ్మ చూసింది గాని చేతిలో కుంచె వదిలే వీల్లేదు. తలెత్తేసరికి ఎదురుగా ఖాళీగా నిలబడిన ప్రసూన కనిపించింది.

"ఏయ్ అమ్మాయ్, చూస్తా నిలబడతావేంది? పట్టు!"

ప్రసూన పట్టుకుంది. బరువుగా నొక్కితే వీరాస్వామి "తేలిక" అన్నాడు. తేలిగ్గా పట్టుకుంటే "నొక్కు" అన్నాడు. అంతకు మించి మాట లేదు. మాణిక్యమ్మ పడుగు కిందికి వంగి, తెగిన పోగులు వెతికి ముడేస్తోంది. నాలుగు తిరుగుళ్ళకి ప్రసూన భుజాలు లాగేశాయి. ఆరు తిరుగుళ్ళకి అరచేయి మండింది. ఇళ్ళ కప్పుల మీదికి ఎండొచ్చింది. ఒకసారి అలుపు తీర్చుకుందామని ఆగబోయింది.

"ఆగబాక!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఎందుకో ఆమెకి కాసేపట్లోనే చేతికి తెలిసింది. కుంచె పోయిన చోట పోగులు విడివిడిగా ఆరుతున్నాయి. అంచున కుంచె అందని చోట నాలుగు పోగులు ఒకదానికొకటి అంటుకుని పుల్లలా బిగిశాయి. మాణిక్యమ్మ ఆ నాలుగింటినీ గోటితో విడదీయడానికే చాలాసేపు పట్టింది.

గంట గడిచాక వీరాస్వామి పడుగు మీద చెయ్యి ఆనించి చూశాడు. ఆరింది. కుంచె దించి, పైపంచెతో మొహం తుడుచుకుని, అప్పుడే చూసినట్టు నవ్వాడు.

"ఎప్పుడొచ్చావమ్మా? ఎవరింటికి?"

గంట నుంచి ఎదురెదురుగా నడుస్తూ ఇప్పుడా అడిగేది అని ప్రసూన తెల్లబోయింది. మాణిక్యమ్మ మంచినీళ్ళు తెచ్చిస్తూ నవ్వింది.

"ఏమనుకోబాక అమ్మాయ్. పడుగు తడిగా ఉండంగా మేం చుట్టమొచ్చినా పలకరించం. పలకరించలేదని చుట్టమూ ఏమనుకోడు. అతనూ ఒక చెయ్యి వేస్తాడు, లేదంటే అరుగు మీద కూచుంటాడు. తడారినాకే మాటలు."

అంటూనే ఆమె ప్రసూన మొహంలోకి పరీక్షగా చూసింది. నవ్వు ఆగిపోయింది. "మీరు... సర్వే మేడంగారు కదూ! అయ్యో, కుంచె పట్టించామే! ఏవయ్యా, కుర్చీ తే!"

ప్రసూన కూర్చోలేదు. ఆమెకి ఆ రోజు కళ్ళముందుకొచ్చింది. పొద్దున్నే వచ్చింది. ఈ గుమ్మంలోనే నిలబడి పేరు పెట్టి పిలిచింది. వీరాస్వామి పరుగున వచ్చి దణ్ణం పెట్టి, ఇదే కుర్చీ వేశాడు.

"బాబాయ్, మరి ఆ రోజు నన్ను పలకరించారుగా," అంది. "ఆ రోజు పడుగు తడిగా ఉందా?"

వీరాస్వామి తల దించుకున్నాడు. మాణిక్యమ్మ ప్రసూన చేతిలో గ్లాసు తీసుకుని దాని అంచు తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే ఆమే చెప్పింది.

"గంజి అప్పుడే పెట్టాం. మీరు పిలిచారు. రాకపోతే సర్కారు సాయం లిస్టులోంచి పేరు తీసేస్తారేమోనని ఈయన కుంచె నాకొదిలి వచ్చాడు. ఒక్క చేత్తో కుంచె నడవదు మేడం. కేకేశాను. వస్తా వస్తా అని ఈయన సైగ చేశాడు. మీరు అడుగుతానే ఉన్నారు. పడుగంతా చాపలాగా బిగిసిపోయింది."

"పెళ్ళి చీరల పడుగు," అన్నాడు వీరాస్వామి, తప్పు తనదే అయినట్టు. "నీళ్ళల్లో నానేసి, పోగూ పోగూ విడదీసి, మళ్ళీ గంజి పెట్టేసరికి ఆరు రోజులైంది. ఆ పెళ్ళివాళ్ళు ఆగలేక వేరే చోట తీసుకున్నారు. పోనీండి. మన పేరుందిగా లిస్టులో?"

ప్రసూనకి మొహం కాలిపోయినట్టయింది. అంత సిగ్గు ఆమె ఎప్పుడూ పడలేదు. అయినా చూపు తిప్పుకోలేదు.

"లిస్టు లేదు బాబాయ్. నేను ఆఫీసర్ని కాదు. కాలేజీలో చదువుకునే పిల్లని. మీరు అనుకుంటుంటే కాదని చెప్పలేదు. తప్పు నాదే."

మాణిక్యమ్మకి కోపమొచ్చింది. రావలసిన కోపమే. "ఆ ముక్క ఆ రోజు చెప్పుంటే అరుగు మీద కూచోమనేవాళ్ళంగా! తడారినాక ఎనభై అడిగినా చెప్పేవాళ్ళంగా!" అని లోపలికి వెళ్ళిపోయింది.

ప్రసూన అక్కడే నిలబడి ఉంది. పదిహేనో తారీకు ఎంత దూరంలో ఉందో లెక్క వేసుకుంది. లెక్కలో ఆమె దిట్ట కదా, క్షణం పట్టలేదు.

"ఆరు రోజులు పోగొట్టాను. ఈ రోజుతో కలిపి ఆరు రోజులొస్తాను బాబాయ్. ఏ పని చెబితే అది చేస్తాను."

వీరాస్వామి ఆమెని ఎగాదిగా చూశాడు. "నువ్వు ఆరు రోజులుంటే మాకు ఇంకో ఆరు రోజులు పోతాయి తల్లీ," అని నవ్వేశాడు.

లోపల్నుంచి మాణిక్యమ్మ గొంతు వినిపించింది. "రానియ్. కండెలు చుడతది."

అలా మొదలైంది. రోజూ మొదటి బస్సుకి రావడం, పొద్దున వీధిలో ఎవరి పడుగుంటే వాళ్ళకి కుంచె పట్టడం, ఎండెక్కాక రాట్నం ముందు కూచుని కండెలు చుట్టడం. కండెంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్ట. మొదటి రోజు చుట్టినవి మాణిక్యమ్మ చూసి, మాట్లాడకుండా మొత్తం విప్పేసింది. రెండో రోజు సగం విప్పింది. మూడో రోజు నూలు వేళ్ళ మధ్య నుంచి పరుగెత్తుతూ ప్రసూన చూపుడు వేలు మీద ఎర్రటి గీత కోసింది. పసుపద్దింది మాణిక్యమ్మే. నాలుగో రోజు కండెలు తీసుకెళ్ళి నేరుగా మగ్గం దగ్గర పెట్టింది. ఆ రోజు మధ్యాహ్నం ప్రసూనకి కూడా కంచం పెట్టింది. పిన్నీ అని పిలిస్తే పలికింది కూడా.

ఆరో రోజు పొద్దున ప్రసూన వెళ్ళేసరికి గంజి పెట్టడం అయిపోయింది. వీరాస్వామి ఆమె వైపు చూడలేదు, రమ్మనలేదు. కుంచె రెండో కొస ఆమె చేతికందేలా జరిపాడు, అంతే. ఆ పలకరించకపోవడం ప్రసూనకి ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేం. యూనివర్సిటీ ఫస్టని తెలిసిన రోజు కూడా ఆమె అంత సంబరపడలేదు.

మూడో తిరుగుడులో అరుగు మీద పెట్టిన ఆమె ఫోన్ మోగింది. అరుగు దాటుతూ చూసింది. కలకత్తా నంబరు. అటు చివరకెళ్ళి వచ్చేసరికి ఆగిపోయి, మళ్ళీ మోగడం మొదలైంది.

పడుగు కిందనుంచి మాణిక్యమ్మ తలెత్తింది. "తీసుకో తల్లీ. నీ చదువు సంగతేమో. ఒక్క మాటేగా."

"తడారనియ్ పిన్నీ," అంది ప్రసూన, కుంచె మీంచి చూపు తిప్పకుండా.

మాణిక్యమ్మ మళ్ళీ వంగి పోగులు ముడేసుకుంది. ఫోన్ ఇంకోసారి మోగి ఊరుకుంది.

పడుగు ఆరాక ప్రసూన ఫోన్ చేస్తే, కాగితం పదిహేను సాయంత్రంలోగా మెయిల్లో అందాలని, రాకపోతే చేసేదేమీ లేదని గుర్తు చేశారు. ఆమె సరేనంది.

హాస్టలుకి వచ్చి రిపోర్టు తెరిచింది. 'అనారోగ్యం' కొట్టేసింది. 'పడుగు తడిగా ఉండగా కొల్లి ప్రసూన వచ్చి నలభై ప్రశ్నలు అడిగినందువల్ల' అని రాసింది. గడి చాలక అక్షరాలు పక్క గడిలోకి పోయి పట్టిక అందం చెడింది. మార్జిన్లో శ్రద్ధ తక్కువ అన్న మాటా కొట్టేసింది. తర్వాత పేజీలన్నీ మళ్ళీ తిప్పింది. ఆ వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు మాత్రం ఎవరనుకుని జవాబు చెప్పారు? ఏ లిస్టు కోసం చెప్పారు? ఆ సంగతి రాస్తే నూటపన్నెండు పేజీలకీ కాళ్ళు విరుగుతాయి. మాస్టారు ససేమిరా అంటే సీటు పోతుంది. అవన్నీ తెలిసే మొదటి పేజీలో అన్నిటికన్నా పైన రాసింది. 'జవాబులు చెప్పినవాళ్ళు నన్ను ఆఫీసరు అనుకున్నారు. నేను కాదనలేదు.'

పధ్నాలుగున మాస్టారి గదికెళ్ళింది. ఆయన ఏదో దస్త్రం రాసుకుంటున్నారు. రమ్మనలేదు, కూచోమనలేదు. ప్రసూన నొచ్చుకోలేదు. ఒక పక్కగా నిలబడి, ఆ పేజీ అయ్యేదాకా ఆగింది.

రాయడం ముగించి ఆయన తలెత్తారు. సొరుగు లాగి ఐడీ కార్డు తీసి ఇచ్చారు. ఆమె దాన్ని సంచిలో వేసుకుని, రిపోర్టు ఆయన ముందు పెట్టింది. దాని మీద సంతకం కావలసిన కాగితం ఉంది. ఫ్యాను గాలికి కాగితం లేచిపోతుంటే రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

అరచేతుల అంచున బొబ్బలు చితికి ఎండాయి. గోళ్ళ మూలల్లో గంజి తెల్లగా ఉండిపోయింది. చూపుడు వేలి మీద నూలు కోసిన గీత నల్లబడింది.

మాస్టారు పెన్ను మూత తీశారు. ఆమె వేళ్ళ పక్కనే సంతకం పెట్టి, తారీకు వేశారు. రిపోర్టు అట్ట తెరవలేదు.

ప్రసూన చెయ్యి తీయలేదు. "సార్, ముప్ఫై ఏడో ఇల్లు మార్చాను. మొదటి పేజీ కూడా మార్చాను. అది చూశాక మీరు సంతకం పెట్టకపోవచ్చు. చదవరా సార్?"

మాస్టారు పెన్నుకి మూత పెట్టారు.

"చదివానమ్మా," అన్నారు, ఆమె చేతుల వైపు చూస్తూ.